నవ్వితేనే టమాటాలు

నైదెన్‌కి ఒక్కటే పిచ్చి. తన తోటలో అడుగుపెట్టినవాళ్లు ఎవరైనా సరే, కెమెరా ముందు నిలబడి నవ్వితే గాని కదలనివ్వడు. టమాటాలు ఊరికే ఇస్తాడు, మిరపకాయలు ఊరికే ఇస్తాడు, వద్దన్నా రెండు సొరకాయలు చంకలో పెట్టి పంపిస్తాడు. నవ్వు దగ్గర మాత్రం బేరం లేదు. అదీ పళ్లికిలిస్తే చాలదు.

"ఇది నవ్వు కాదు, పళ్ల డాక్టరు ముందు నోరు తెరిచినట్టుంది. మళ్లీ!" అనేవాడు.

కలీనొవో ఊరంతటికీ ఆయన గులాబీ టమాటాలంటే ప్రాణం. అందుకని మోకాళ్ల నొప్పులవాళ్లు, కోడలితో పోట్లాడి వచ్చినవాళ్లు కూడా బుట్ట కింద పెట్టి నవ్వాల్సిందే. పెంపుడు పంది చచ్చిపోయి ఏడుస్తూ వచ్చిన స్టోయ్నా చేత నవ్వించడానికి గంటన్నర తంటాలు పడ్డాడు. చివరికి ఆవిడకి వచ్చింది నవ్వో, కోపమో తెలియదు గాని, సంచినిండా టమాటాలు మోసుకుపోయింది.

పక్కింటి దోన్కాకి ఆ తోటను చూస్తేనే ఒళ్లు మండేది. లోకంలో తోట వేసేవాళ్లంతా ఎండా, నేలా, నీళ్లూ చూసుకుని మొక్క పెడతారు. నైదెన్ మనుషుల మొహాలు చూసుకుని పెట్టాడు. తెల్లజుట్టు వాళ్ల వెనక నల్లగా కనపడాలని చిక్కుడు పందిరి, బట్టతలల కోసం మొక్కజొన్న వరస, నల్ల రుమాలు కట్టుకునే ముసలమ్మల కోసం తెల్ల గులాబీలు.

"వంకాయ మొక్కల్ని నీడలో పెట్టావేంటి అన్నయ్యా? చచ్చిపోతాయవి," అని కంచె మీదుగా అరిచింది దోన్కా ఒకసారి.

"చస్తే చావనీ చెల్లెమ్మా. ఎండ పడేచోట మనుషులు నిలబడాలి."

పొద్దున్నే లేచి కొంగల గూడుకీ, ఆలుబుఖారా పూతకీ, మంచు బిందువు తాగే కందిరీగకీ ఫొటోలు తీసేవాడు. వాటిని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చూపించేవాడు. మనుషుల ఫొటోలు మాత్రం ఒక్కటీ బయటపెట్టేవాడు కాదు. "మాది ఏదయ్యా?" అంటే, "ఇంకా టైముంది," అనేవాడు. మూడేళ్లయినా ఆ టైము రాలేదు. కెమెరాలో అసలు రీలే లేదని ఊరు తేల్చేసింది. పాపం, జిల్లా పట్నంలో గుర్తింపు కార్డుల ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు ఫొటోలు తీస్తూ కూర్చుని, వచ్చినవాడికల్లా "నవ్వకండి, చెవులు కనపడాలి" అని చెప్పి చెప్పి, రిటైరయ్యేసరికి మెదడు తిరగబడి ఉంటుందని అందరూ జాలిపడ్డారు.

ఆ పిచ్చికి ఆజ్యం పోసినవాడు ఎవరంటే దోన్కా మొగుడు గెంచోనే. రోజూ కాఫీ కాగానే కంచె దాటి వెళ్లేవాడు.

"బావా, ఇవాళ ఏ సైజు నవ్వు కావాలి?"

"నిన్నటిది కాస్త ఎక్కువైంది. కొంచెం తగ్గించు."

"తగ్గించడం నా చేతుల్లో లేదు. గుమ్మడికాయ ఎత్తుకోమన్నావు, అది బొడ్డులో గుచ్చుకుంటోంది!"

దోన్కా తన పెరట్లో వెల్లుల్లి జడలల్లుతూ ఇదంతా వినేది. ఈ ఇద్దరు ముసలాళ్లకీ సిగ్గు లేదనుకునేది. తనకి సొంత టమాటాలున్నాయి. ఎవడి కోసమో ఇకిలించాల్సిన అవసరం ఆమెకి లేదు. "నా మొహం నీ పెట్టెలోకి రాదు, ఆశ వదులుకో అన్నయ్యా," అని మొదటి ఏడాదే చెప్పేసింది.

సెప్టెంబరులో మిరపకాయలు కాల్చే రోజున గెంచో పెరట్లో కూర్చుని తొక్కలు తీస్తున్నాడు. "ఇది బాగా కాలిందే," అని ఒక కాయ దోన్కాకి అందించాడు. తర్వాత గోడకి వెనక్కి ఆనుకున్నాడు. మళ్లీ ముందుకి రాలేదు. నలభై నాలుగేళ్ల కాపురం అలా ఒక మిరపకాయ చేతిలో పెట్టి ముగిసిపోయింది. దోన్కా ఆ కాయని చాలాసేపు వదల్లేదు.

ఊళ్లో ఎవరు పోయినా ఫొటో వేసిన చావు కాగితం గేటుకీ, కరెంటు స్తంభానికీ, బస్సు ఆగేచోట గోడకీ అంటిస్తారు. నలభయ్యో రోజున, ఆరు నెలలకి, ఏడాదికి మళ్లీ అంటిస్తారు. అచ్చువేసే పంచాయతీ గుమాస్తా నాలుగింటికి తలుపు మూస్తుంది. గెంచో పోయిన మర్నాడు రెండు దాటేసరికి పట్నం నించి వచ్చిన ఆడపడుచు రుజా, దోన్కా కలిసి ఫొటోల డబ్బా మంచం మీద బోర్లించారు. పెళ్లి ఫొటోలో గెంచోకి ఇరవై రెండేళ్లు. మిలిటరీ ఫొటోలో ముప్పై మందిలో ఒకడు. మిగిలింది గుర్తింపు కార్డు.

"ఇది చాల్లే వదినా. అందరూ ఇదేగా వేస్తారు," అంది రుజా.

కార్డులో గెంచో పెదాలు బిగించి, చెవులు నిక్కించి, కళ్లు మిటకరించి ఉన్నాడు. ఆ మనిషి పొద్దున లేస్తూ నవ్వేవాడు, నిద్రలో కూడా నవ్వేవాడు. బతుకంతటిలో నవ్వని క్షణం ఇదొక్కటే, ఇప్పుడు ఏడాది పొడుగునా తన గేటు మీద ఉండబోయేదీ ఇదే. రోజూ పాలకి వెళ్తూ ఈ మొహం చూడాలి.

"ఇది మీ అన్నయ్య కాదు రుజా. కోళ్లు ఎత్తుకుపోతూ దొరికినవాడెవడో."

"నేను మాత్రం ఏం చెయ్యను? వేరే లేదుగా!"

అప్పుడే నైదెన్ గుమ్మంలోకి వచ్చాడు. మెడలో కెమెరా లేకపోవడం అదే మొదటిసారి. ఒక కవరు దోన్కా ఒళ్లో పెట్టాడు. దాని మీద గెంచో పేరుంది. లోపల చిక్కుడు పందిరి ముందు గెంచో గుమ్మడికాయ ఎత్తుకుని ఉన్నాడు. నవ్వి నవ్వి కళ్లు మూతబడ్డాయి, ఊడిన పన్ను సందు కూడా కనిపిస్తోంది. అచ్చం గెంచో.

"కడిగించినవి ఇంకా పదహారున్నాయి. వాటిల్లో ఇదే బాగుంది," అన్నాడు నైదెన్.

"ఊళ్లో అందరివీ ఉన్నాయా?"

"అందరివీ. నీది తప్ప."

"ఎందుకన్నయ్యా ఇదంతా?"

ఆయన బల్ల అంచున కూర్చున్నాడు. "రిటైరై ఈ ఊళ్లో బస్సు దిగినరోజు, ఆ గోడ మీద పదకొండు కాగితాలున్నాయి. పదకొండూ నేను తీసినవే. అందరికీ నవ్వొద్దని చెప్పింది నేనే. అందులో ఒక పిల్ల, పాపం, నవ్వు ఆపుకోలేకపోతే కసిరాను కూడా. ఆ కసురు తిన్న మొహంతోనే గోడ మీద ఉంది. ఇల్లు చేరేదాకా ప్రతి స్తంభం నావంకే చూసింది చెల్లెమ్మా."

"ఆ ముక్కేదో చెప్పి తియ్యొచ్చుగా? ఊరంతా నిన్ను పిచ్చోడనుకుంది."

"చావు కాగితం కోసమని చెప్తే ఎవడు నవ్వుతాడు?"

రుజా ఫొటో లాక్కుని చూసింది. "అయ్యో, పళ్లు కనిపిస్తున్నాయి వదినా. జనం ఏమంటారు?" అంటూనే ఫక్కున నవ్వేసింది, నవ్వుతూనే ఏడ్చింది. దోన్కా తల రుమాలు కొసతో కళ్లు తుడుచుకుని, గుమాస్తా తలుపు మూసేలోపు పరుగెత్తింది.

మైదా జిగురు తనే ఉడకబెట్టి, తనే గేటుకి అంటించింది. మర్నాడు చావింట్లో పంచే ఉడికించిన గోధుమలు తినడానికి వచ్చినవాళ్లు గేటు దగ్గర ఆగి, బలవంతంగా మొహాలు సర్దుకుని లోపలికి వచ్చారు. చర్చి ఫాదరు గారికైతే రెండుసార్లు దగ్గాల్సి వచ్చింది.

నలభయ్యో రోజు దాటాక దోన్కా కంచె దాటింది. టమాటాలు అయిపోయాయి. క్యాబేజీలూ, చామంతులూ మిగిలాయి.

"వచ్చాను. ఫొటో తీసుకో. నవ్వు రాకపోతే నన్ననకు."

నైదెన్ కెమెరా సర్దుతుంటే ఆమెకి ఒక అనుమానం వచ్చింది. "మరి నీది ఎవరు తీశారన్నయ్యా?"

ఆయన జేబులోంచి తన గుర్తింపు కార్డు తీశాడు. అంతటి దిగులు మొహం దోన్కా జన్మలో చూడలేదు.

"నిలబడు. ముందు నీది," అని కెమెరా గుంజుకుంది. ఆయన కర్రలా బిగుసుకుపోయాడు. దోన్కా ఒక కన్ను మూసి, ఊపిరి బిగపట్టి, నొక్కింది. కెమెరా తిరగేసి ఉంది. తన ముక్కునే తీసుకుంది. నైదెన్‌కి ఆగలేదు. పందిరి గుంజ పట్టుకుని వంగిపోయి నవ్వాడు. "నవ్వుతావా!" అని ఆమె కెమెరా తిప్పి మళ్లీ నొక్కింది. అప్పుడు తనకీ నవ్వొచ్చింది. ఆయన లాక్కుని ఆమెది తీసేశాడు.

వారం తర్వాత ఫొటోలు వచ్చాయి. నైదెన్ ఫొటో పక్కకి ఒరిగింది, సగం చిక్కుడాకులే. మూలన దోన్కా వేలుంది. మిగతా సగంలో నైదెన్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

దోన్కా దాన్ని కవర్లో పెట్టి, పేరు రాసి, చంకలో పెట్టుకుంది. "ఇది నా దగ్గరుంటుంది. నాది నీ దగ్గరుంచుకో. నువ్వు ముందు పోతే నేను అంటిస్తాను. నేను ముందు పోతే నువ్వు అంటించు."

"ఇద్దరం ఒకేసారి పోతే?"

"జిగురెవరు ఉడకబెడతారు? కుదరదు," అంది దోన్కా. "ఒకళ్లు ఆగాల్సిందే."