కొండెక్కిన కారు దీపం

లైట్లు వేసి నిలబెడితే కారు బ్యాటరీ దిగిపోతుందని మా మామకు తెలియదట. మా అత్త పోయేవరకూ ఈ మాట చెబుతూనే వచ్చింది, "ఆయప్ప తెలీక చేసినాడు" అని. తెలియక చేసిన పని మీద కోపం రాకూడదని ఎక్కడుందో నాకు ఎవరూ చూపించలేదు. నాకు వచ్చింది, ఇప్పటికీ వస్తుంది. మోకాళ్ల నొప్పి తగ్గిన రోజులున్నాయి గానీ, ఇది తగ్గిన రోజు లేదు.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. ధర్మవరంలో మా అత్తగారిది పట్టుచీరలు నేయించి అమ్మే ఇల్లు. ముందు సావిట్లో మగ్గాలు, వెనక వంట, పక్కన రేకుల షెడ్డు. ఆ షెడ్డులో కారు. యుద్ధానికి ముందు మామ బెంగళూరులో కొని తెచ్చాడు. మా వీధిలో అదొక్కటే కారు కాబట్టి మా ఇంటి గుర్తు కూడా అదే అయింది. ఎవరైనా దారి అడిగితే "కారుండే ఇల్లు" అనేవాళ్లు. తర్వాత పెట్రోలుకు కూపన్లు వచ్చాయి. కారు షెడ్డులో నిలబడిపోయింది. అయినా మామ సాయంత్రం పూట తెల్లపంచె కట్టుకుని వెళ్లి అందులో కూర్చునేవాడు. తలుపు తీసి పెట్టుకుని, వీధిలో పోయేవాళ్లను పలకరిస్తూ, మధ్యలో ఒకసారి హారను మోగించేవాడు. కారు ఎక్కడికీ పోకపోయినా కారున్న మనిషి గౌరవం తగ్గకూడదు కదా.

నాది పెనుకొండ. మా నాయన తాలూకా కచేరీలో గుమాస్తా. నాకు చదువంటే ప్రాణమని ఎనిమిదో తరగతి దాకా చదివించి, ఆపైన మాత్రం అందరిలాగే పెళ్లి చేశాడు. చేసిన తర్వాత ఆయనకే మనసొప్పలేదు. హిందూపురంలో మిషను వాళ్లు ఆడవాళ్లకు టీచరు ట్రైనింగు పెడుతున్నారని తెలిసి, ఆ బడి దొరసానిని తానే పోయి కలిశాడు. పెళ్లయినవాళ్లనైనా తీసుకుంటారట. కాకపోతే చేరదలచిన మనిషి స్వయంగా వచ్చి కనిపించాలి. విజయదశమి మరునాడు పొద్దున పది గంటలకు పిలిచి, ఆ పూటే సీట్లు ఇచ్చేస్తారు. దసరా సెలవులు వాళ్లకు లెక్కలేదు.

ఆ సీటు నాకు కావాలి. ఎంత కావాలో ఆ ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. మగ్గానికి పట్టు దారం ఆసు పోస్తూ, వంట చేస్తూ, లోపల లోపల పిల్లలకు పాఠం చెప్పుకునేదాన్ని. నా మొగుడితో చెబితే "నాయన ఒప్పుకుంటే నాకేమి" అన్నాడు. ఆయన జీవితంలో ఏ విషయం మీదైనా అన్నది ఆ మాటే.

మా నాయన వచ్చి మామను బతిమలాడాడు. మామ కొన్నాళ్లు మీసం దువ్వుకుని చివరికి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడని నాకెంత సంతోషమో, దాని వెనకే వచ్చిన షరతుకు అంత గుబులు.

"పోనీలేమ్మా, చదువుకో. కానీ కార్లో పోవల్ల. నేనే తోడుకొని పోతా."

"ఏమిటికి మామా అంత శ్రమ? పొద్దున రైలుండాది కదా. తొమ్మిదికంతా హిందూపురంలో దిగుతాను. పెనుకొండలో మా నాయన కూడా ఎక్కుతాడు."

"కారుండే ఇంటి కోడలు కోళ్ల గంపల మధ్య కూర్చుని పోయేదేంది? ఊరు నవ్వదా? మీ నాయన్ను పెనుకొండలో రోడ్డు మీద ఉండమని చెప్పు. ఆయన్నీ ఎక్కించుకుందాం."

ఆయన ఉత్తమాట చెప్పలేదు. కూపన్ల మీద వచ్చే పెట్రోలును నెలలుగా వాడకుండా డబ్బాలో దాచి, ఆ డబ్బా నాకు చూపించాడు కూడా. ఆ డబ్బా చూసి నా కళ్లు చెమర్చాయి. అదే నాకు ఇప్పుడు ఒళ్లు మండే సంగతి. చెడ్డవాడయి ఉంటే నేను ముందే జాగ్రత్త పడేదాన్ని, చెప్పకుండా రైలెక్కేదాన్ని.

నవమి వచ్చింది. మగ్గాలున్న ఇంట్లో ఆయుధ పూజంటే ఇంటికంతా పెద్ద పండుగ. మగ్గానికి, నాడెలకు, అచ్చులకు, రాట్నానికి పసుపు కుంకాలు పెట్టి, పూలు చుట్టి, ఆ రోజు ఎవరూ వాటిని ముట్టరు. పూజలో పెట్టిన పనిముట్టును దశమి పొద్దున రెండో పూజ అయ్యాకే కదిలించాలి. అంతవరకూ వాటి ముందు దీపం ఆరకూడదు. మా అత్త మెట్టినప్పటి నుంచీ ఆ దీపం ఒక్క ఏడాదీ ఆరలేదని గర్వం. ఆ ఏడు నూనె దొరకలేదు. అంగడికి పోతే చిన్న గిన్నెడు కూడా ఇవ్వలేదు. మగ్గాల దగ్గర దీపానికి సరిపోయింది, షెడ్డులో కారు ముందు పెట్టడానికి మిగల్లేదు.

మామ కాసేపు ఆలోచించి నవ్వాడు.

"దీనికి దేవుడు రెండు దీపాలు ముందే పెట్టి పంపినాడు కదా. నూనె ఏమిటికి?"

కారుకు బొట్లు పెట్టి, దండ వేసి, టెంకాయ కొట్టి, లైట్లు వేశాడు. సాయంత్రం ఆ వెలుతురు షెడ్డు దాటి వీధిలోకి, ఎదురింటి గోడ దాకా పడింది. కరెంటు లేని ఊరు. పిల్లలు వచ్చి ఆ వెలుతుర్లో ఆడుకున్నారు. ఆడవాళ్లు వచ్చి దండం పెట్టుకున్నారు. మామ వాకిట్లో కుర్చీ వేసుకుని, వచ్చిన ప్రతివాడికీ "ఈ ఏడు మా దీపం ఇదేనప్పా" అని చెప్పాడు. నేనూ దండం పెట్టాను. నన్ను హిందూపురం చేర్చమని ఆ కారునే మొక్కుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో చూడండి.

పొద్దున్నే కళ్లాపి చల్లడానికి లేచేసరికి ఆ లైట్లు ఎర్రబడి ఉన్నాయి. ఆర్పితే బాగుండునని ఎవరికీ తోచలేదా అంటే, తోచినా చేసేవాళ్లు లేరు. పూజలో ఉన్నదాన్ని ముట్టకూడదు, వెలిగించిన దీపాన్ని మనిషి చేత్తో ఆర్పకూడదు. ఈ రెండూ ఆ ఇంట్లో వేదం. నేను ముగ్గు వేస్తుండగానే ఆ ఎరుపు కూడా పోయింది. మా అత్త లోపలి నుంచి చూసి రెండు చేతులూ జోడించింది.

"తెల్లవారేదాకా నిలిచి దానంతటదే కొండెక్కింది. ఈ ఏడు మనకు మంచి జరగతాది."

ఆ మంచి నాకే జరుగుతుందనుకున్నాను.

దశమి పూజయ్యాక కారును చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి నడిపించాలి. ఆ పని సరిగ్గా చేసి ఉంటే అప్పుడే బండారం బయటపడేది. రైలుకు నాకింకా ఒక రోజు ఉండేది. కానీ మామ నా కోసం దాచిన పెట్రోలు ఒక్క చుక్క కూడా పోకూడదన్నాడు. నా కోసమే. నేతగాళ్లను పిలిచి వెనక నుంచి తోయించాడు. నిమ్మకాయలు చితికాయి, అందరూ చప్పట్లు కొట్టారు, కారును మళ్లీ తోసి షెడ్డులో పెట్టారు. కారు నడిచిందనే అందరూ అనుకున్నారు. కారు నడిపే మా డ్రైవరు పండక్కి వాళ్ల ఊరు గాండ్లపెంట పోయాడు, ఆ రోజు పొద్దుగూకినాక గానీ తిరిగి రాలేదు.

మరునాడు తెల్లవారకముందే తలస్నానం చేసి, నా పెళ్లి చీర కట్టుకుని, చద్ది మూట చేతిలో పట్టుకుని షెడ్డు ముందు నిలబడ్డాను. డ్రైవరు పెట్రోలు పోసి, ఎక్కి కూర్చుని స్టార్టరు నొక్కాడు. ఏమీ కాలేదు. దిగి ముందువైపు హ్యాండిలు పెట్టి తిప్పాడు. తిప్పి తిప్పి చొక్కా తడిసిపోయింది. ఇంజను ఒక్కసారి కూడా దగ్గలేదు.

"ఏమప్పా, ఏమైంది దానికి?" అన్నాడు మామ.

"బ్యాటరీ పూర్తిగా దిగిపోయినాది సావుకారా. లైట్లేమన్నా వేసినారా?"

మామ ఆకాశం వైపు చూశాడు. మా అత్త కారుకు దిష్టి తగిలిందని ఉప్పు, మిరపకాయలు తేవడానికి లోపలికి పోయింది.

"మామా, రైలుకు ఇంకా టైముండాది. జట్కా పిలిపించండి. నేను పోతాను" అన్నాను.

"ఉండమ్మా, తోస్తే అంటుకుంటాది. తొందరపడతావేంది."

తోశారు. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు. డ్రైవరు లోపల కూర్చుని "బ్యాటరీలో కొంచెమన్నా ఉండల్ల సామీ, ల్యాకపోతే ఎంత తోసినా అంటుకోదు" అంటూనే ఉన్నాడు. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని మామ తోయిస్తూనే ఉన్నాడు. వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చి చూస్తోంది. అంతమంది చూస్తుండగా కారును వదిలి కోడల్ని రైలుకు పంపడం ఆయన వల్ల కాలేదు. నేను చద్ది మూటతో ఆ కారు వెనక నడుస్తున్నాను. నడుస్తుండగానే స్టేషను వైపు నుంచి రైలు కూత వినబడింది. మళ్లీ రైలు సాయంత్రానికి. అక్కడే, వీధి మధ్యలో, మూట కింద పడేసి ఏడ్చాను. ఏడుపు కాదది, కోపం. అందరూ ఏడుపనుకున్నారు.

"ఊరుకోమ్మా. వచ్చే ఏడు పోవచ్చు. బడి యాడికి పోతాది" అన్నాడు మామ.

బడి ఎక్కడికీ పోలేదు, నిజమే. వచ్చే ఏడు నాకు కడుపు. ఆపై ఏడు చంకలో బిడ్డ. ఆ తర్వాత ఆ మాట ఎత్తిన మనిషే లేడు.

ఆ పగలంతా మా ఇంట్లో పరామర్శలు. వచ్చినవాళ్లంతా బ్యాటరీ గురించే అడిగారు. యుద్ధం రోజుల్లో కొత్తది దొరకదే, ఎట్లా అని. దొరకదని మామ అన్నం కూడా సరిగా తినలేదు. నా సీటు గురించి అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. పెనుకొండలో మా నాయన మండుటెండలో రోడ్డు మీద నిలబడి ఉంటాడని నేనంటే, "ఆయనే ఇంటికి పోతాడులే" అని మా అత్త నా ముందే వక్కాకు మడుచుకుంది.

ఆ మరునాడు మధ్యాహ్నం మా నాయన ధర్మవరం వచ్చాడు. కాళ్లు కడుక్కోమంటే కడుక్కోలేదు. మజ్జిగ ఇస్తే పక్కన పెట్టాడు. నాకేమైందోనని ఇంటికి పోకుండా రోడ్డు మీదే పొద్దుగూకేదాకా ఉన్నాడట. తెల్లారి నన్ను చూద్దామని పెనుకొండ స్టేషనుకు పోతే, ధర్మవరం నుంచి హిందూపురం పోయే రైలు వచ్చి ఆగింది. కిటికీ దగ్గర మా డ్రైవరు. పక్క సీటు మీద గోనెపట్ట, దాని మీద తాడుతో కట్టి, లోపలి యాసిడు ఒలకకుండా చేయి వేసి పట్టుకున్న బ్యాటరీ. హిందూపురంలో బస్సుల షెడ్డులో చార్జింగు ఎక్కిస్తారట.

"మా పాప యాడప్పా అని అడిగినాను" అన్నాడు మా నాయన. మామ ముఖం చూడకుండా, గోడకు ఆనించిన అచ్చులను చూస్తూ చెప్పాడు. "పాప ఇంట్లోనే ఉండాది సామీ, దీన్ని తీసుకుపోతాండా, ఈ రైలైతే తొమ్మిదికంతా చేరిపోతాది అన్నాడు మీ డ్రైవరు. బావా, ఆ బ్యాటరీని రైలెక్కించేదానికి మర్యాద అడ్డం రాలేదా?"

మా నాయన మజ్జిగ ముట్టకుండానే సాయంత్రం రైలుకు పోయాడు.

నాలుగు రోజులకు బ్యాటరీ తిరిగొచ్చింది. బిగించి స్టార్టరు నొక్కగానే ఇంజను గుర్రుమంది. వీధిలో పిల్లలు కేకలేశారు. మామ ముఖం వెలిగిపోయింది. చేతులు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చిన నన్ను చూసి, వెనక తలుపు తానే తీసి పట్టుకున్నాడు.

"ఎక్కమ్మా, పోదాం" అన్నాడు ప్రేమగా.

కాపురానికి వచ్చినప్పటి నుంచి ఎప్పుడూ ఆయన ముఖంలోకి చూడనిదాన్ని, అప్పుడు తల ఎత్తి సూటిగా చూశాను.

"యాడికి మామా?" అన్నాను.

ఆయన తలుపు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఇంజను ఊరికే తిరుగుతూ ఉంది.