ముందు ఉక్కు, ఆ తరవాతే ఫాతిహా

సబ్తియ్య సందుల్లో ఉస్తా ఇన్సాఫ్‌ని ఎరగనివాళ్లు లేరు. ఉస్తా అంటే చేయి తిరిగిన మేస్త్రీ. కైరోలో ఆ మాట ఆడమనిషికి తగిలించడానికి మొదట్లో చాలామందికి నోరు రాలేదు. తండ్రి పోయేనాటికి ఆమెకు ఇరవై నిండలేదు, తమ్ముడు షుక్రీ ఇంకా బడికి పోతున్నాడు. తలగుడ్డ బిగించి తండ్రి దుకాణంలో మిల్లింగ్ యంత్రం ముందు నిలబడింది, అంతే, అక్కడే ముప్పై ఏళ్లు గడిచిపోయాయి. పెళ్లి సంబంధాలు వచ్చాయి, పోయాయి. "నా చేతుల నూనె వాసన భరించేవాడు దొరికితే చూద్దాంలే" అనేది. దొరకలేదు. నిజం చెప్పాలంటే ఆమె వెతకనూ లేదు.

ఆమె చేసే పని ఉక్కు డైలు చెక్కడం. రేకును నొక్కి గ్యాస్ పొయ్యి బర్నర్ మూతలు చేసే అచ్చులన్నమాట. చేత్తో తిప్పే యంత్రం మీద చెక్కిన ఆమె డైకి వంక పెట్టినవాడు లేడు. కానీ చుట్టుపక్కల వాళ్లంతా కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ యంత్రాలు తెచ్చుకున్నారు. పొయ్యిల కంపెనీ వాళ్లు మొహం మీదే చెప్పేశారు. "ఉస్తా, నీ పని బంగారం. కానీ నువ్వు ఒకటి ఇచ్చేలోగా వాళ్లు నాలుగిస్తున్నారు."

ఇక షుక్రీ సంగతి. మత చట్టం ప్రకారం తండ్రి ఆస్తిలో తమ్ముడికి రెండు పాళ్లు, అక్కకు ఒక పాలు. కాబట్టి దుకాణం తలుపు తాళం ఇన్సాఫ్ దగ్గరున్నా, తలుపు మూసే హక్కు షుక్రీది. బస్బూసా మిఠాయి వ్యాపారి ఒకడు అద్దెకు అడుగుతున్నాడు.

"అక్కా, ఒక్కటంటే ఒక్క యంత్రం, అదీ సెకండ్‌హ్యాండ్‌ది. అది గనక మన నెత్తిన కూచుంటే, ఇక నువ్వు ఏడ్చినా వినను. షట్టర్ దించి మిఠాయి వాడికిచ్చేస్తా," అన్నాడు.

"ఏడిస్తే కదా నువ్వు వినడానికి," అంది ఇన్సాఫ్. పైకి అలా అన్నదే గానీ ఆ వారమంతా ఆమెకు తిండి సయించలేదు.

ఇద్దరూ పాత యంత్రాలమ్మే హాజ్ బయ్యూమీ గోదాముకు వెళ్లారు. బయ్యూమీ చెడ్డవాడు కాదు, వ్యాపారి. ఆయన పద్ధతి ఊరందరికీ తెలుసు, అయినా ఊరంతా అందులో పడుతూనే ఉంటుంది. ముందు తళతళలాడే యంత్రం నడిపి చూపిస్తాడు. ఆ వెంటనే వేడివేడి కోఫ్తా, తహీనా అనే నువ్వుల ముద్ద, రొట్టెలు. ఆపైన టీ. టీ అవుతుండగానే రెండు అరచేతులూ పైకెత్తి "ఫాతిహా చదువుకుందాం" అంటాడు. ఖురానులో మొదటి సూరా అది. ఫాతిహా చదివి అరచేతులతో మొహం తుడుచుకున్నామంటే బేరం ముగిసినట్టే, కాగితాలు ఎప్పుడైనా రాసుకోవచ్చు. ఇక వెనక్కి పోయినవాడికి బజారులో విలువుండదు. తిన్న మనిషికి, పెట్టినవాడి సరుకును అనుమానించడానికి మొహం చెల్లదు. సబ్తియ్యలో సగం మంది ఆ మొహమాటానికే మునిగారు.

ఆ రోజు చూపించిన యంత్రం కొత్త తెల్లరంగుతో పెళ్లికొడుకులా ఉంది. అల్యూమినియం పలక మీద చకచకా పువ్వు చెక్కింది. షుక్రీ నోరు తెరుచుకుని చూశాడు. ఇన్సాఫ్ మాత్రం కట్టర్ తిరిగే స్పిండిల్ తలమీద అరచెయ్యి వేసి చూసింది. వెచ్చగా ఉంది. తాము రాకముందునుంచే దీన్ని తిప్పుతున్నారన్నమాట. చల్లగా ఉన్నప్పుడు చేసే రొద వినబడకుండా ఉండడానికి. అయినా వెళ్లి కోఫ్తా తింది, కడుపునిండా తింది.

టీ గ్లాసులు ఖాళీ అయ్యాయి. బయ్యూమీ చేతులెత్తాడు. షుక్రీ ఎత్తాడు. పనివాళ్లూ ఎత్తారు. ఇన్సాఫ్ చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"అక్కా, పరువు తీయకు," అని షుక్రీ పళ్లబిగువున అన్నాడు.

"దేవుడి మాట మధ్యలోకొచ్చాక నేను వెనక్కి పోలేను హాజీ. అందుకే ముందు ఉక్కు కోద్దాం. ఫాతిహా ఎక్కడికీ పోదు," అంది ఇన్సాఫ్. సంచిలోంచి ఉక్కు దిమ్మ తీసి బల్లమీద పెట్టింది.

బయ్యూమీ మొహం ఎర్రబడింది, కానీ అందరి ముందూ కాదనలేకపోయాడు. తెల్ల యంత్రానికి ఉక్కు దిమ్మ బిగించారు. కట్టర్ అలా తగిలిందో లేదో, యంత్రం మొత్తం వణికిపోతూ కీచుమని అరిచింది. ఇంకాస్త లోతుకు దించేసరికి మూలిగి ఆగిపోయింది. కోసిన చోటంతా ముడతలు.

"తేలికది. పాపం, దాని జన్మంతా అల్యూమినియమే కోసింది," అంది ఇన్సాఫ్.

"నా కోఫ్తా తిని నా యంత్రాన్నే తిడతావా ఉస్తా?"

"కోఫ్తా బాగుంది హాజీ. దాన్నేమీ అనలేదుగా. అదిగో, ఆ మూలది దేనికి దాచావు?"

మూలనున్నది మూతపడిన లారీ విడిభాగాల కంపెనీ నుంచి వచ్చింది. రంగంతా పెచ్చులూడింది. దాని బరువుకు కింద నేలే కుంగింది. తనంత తానుగా కట్టర్లు మార్చుకునే చెయ్యి పనిచేయదు.

"దీని తెర చూడక్కా, నాన్న కాలం నాటి టీవీ నయం," అన్నాడు షుక్రీ.

"నేను దాని తెర చూస్తూ కూచుంటానా? కట్టర్లు ఇన్నేళ్లూ చేత్తోనే మార్చాను, ఇకమీదటా మారుస్తా. తెర పోతే ఇంకోటి దొరుకుద్ది. స్పిండిలూ యంత్రం ఒళ్లూ పోతే మాత్రం నా వల్ల కాదు, మనం తేగలిగిన సొమ్ము వల్లా కాదు. నేను బాగుచేసుకోగలిగింది ఎంత పాడైనా పర్లేదు. చేసుకోలేంది మాత్రం బాగుండాలి."

స్పిండిల్ మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. ఆ చల్లదనంలోనే తిప్పించి, చెవి ఒగ్గి విన్నది. యంత్రం బల్లకు కొలత ముల్లు ఆనించి, దుంగతో గట్టిగా నెట్టించింది. ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది, అంటే ఒళ్లు గట్టిదే. ఆ తరవాత ఉక్కు దిమ్మ.

యంత్రం అరవలేదు. కడుపులోంచి వచ్చినట్టు లోగొంతుతో గుర్రుమంటూ ఉక్కులోకి దిగింది. నీలంగా కాలిన ఉక్కు పొట్టు సుళ్లు తిరుగుతూ రాలింది. ఇన్సాఫ్ కోసిన చోట గోరు పెట్టి లాగింది. గోరు ఎక్కడా తట్టుకోలేదు. ఆమెకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. ఎవరు చూస్తే ఏమనుకుంటారని దాచుకోలేదు కూడా.

ధర దగ్గర ఇద్దరూ గొంతులు బొంగురుపోయేదాకా అరుచుకున్నారు. తెచ్చుకున్నదంతా యంత్రానికే పోస్తే కట్టర్లు దేంతో కొనాలని ఇన్సాఫ్, తనకు పిల్లల్లేరా అని బయ్యూమీ. చివరికి క్రేను ఖర్చు కూడా ఆయనే పెట్టుకునేలా ఒప్పించి, ఈసారి ఆమే ముందుగా చేతులెత్తింది. యంత్రం పక్కనే నిలబడి అందరూ ఫాతిహా చదివారు. బయ్యూమీ మొహం తుడుచుకుంటూ నవ్వేశాడు.

మొదటి డైలు పొయ్యిల కంపెనీకి వెళ్లాయి. ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆ వెనకే పెద్ద ఆర్డరు వచ్చింది, దాని వెనక ఇంకోటి.

ఒక మధ్యాహ్నం మిఠాయి వ్యాపారి టేపు పట్టుకుని గోడలు కొలుచుకోవడానికి వచ్చాడు. షుక్రీ గుమ్మంలోనే అడ్డంగా నిలబడ్డాడు. లోపల యంత్రం చప్పుడుకు మాట వినబడక గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"ఖాళీ లేదన్నా."

"అదేంటి షుక్రీ, నువ్వే కదా రమ్మన్నది. రెండు పాళ్లు నీవి. దుకాణం నీదే కదా?"

షుక్రీ ఒకసారి లోపలికి చూశాడు. అక్క చేత్తో కట్టర్ మార్చి, తలగుడ్డ సర్దుకుని మీట నొక్కుతోంది.

"ఇది మా అక్క దుకాణం," అన్నాడు.

లోపల ఇన్సాఫ్‌కి ఆ మాట వినబడింది. యంత్రం మాత్రం ఆపలేదు.