నూకరాజు తోక తిప్పుకున్న రోజు

రుషికొండలో మా ఆఫీసు కింది అంతస్తులో చేపలు పెంచే గోడంత అద్దాల తొట్టె ఉంది. వారానికోసారి అందులో నీళ్ళు మారుస్తుంటే నాచు వాసనా పచ్చిరొయ్య వాసనా కలిసి మెట్ల దాకా వస్తాయి. అందరూ ముక్కు మూసుకుని పోతుంటే నేను మాత్రం ఆగి, గుండెనిండా పీల్చి, పదేళ్ళ పిల్లనైపోయి సముద్రపొడ్డున మా జాలర్ల వీధికి వెళ్ళిపోతాను.

మాది చేపల ఇల్లు. నాన్న బోటు మీద వేటకెళ్ళేవాడు. మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, ఐసుపెట్టె ముందేసుకుని బజార్లో చేపలమ్మేది. గుమ్మంలో ఎండే నెత్తళ్ళు, దండెం మీద వల, పొయ్యి మీద మరిగే పులుసు, ఎండాకాలం వేట ఆగిపోయిన రోజుల్లో వాకిట్లో వల చిక్కులు తీస్తూ ఒకరినొకరు ఆటపట్టించుకునే మా వాళ్ళు. అలాంటి ఇంటికి అచ్యుతాపురం ఫ్యాక్టరీలో పనిచేసే మా మావయ్య రెండడుగుల అద్దాల తొట్టె, పెంచుకోమని డజను బుల్లి గప్పీ చేపలు, అగ్గిపెట్టెంత ఆస్కార్ చేప పిల్ల తెచ్చాడు. ఆ పిల్లకి నేను నూకరాజని పేరు పెట్టాను.

"సేపలోలింటికి సేపలు తెత్తావేటి బావూ?" అని మామ్మ పగలబడి నవ్వింది. తర్వాత వంగి, బేరానికొచ్చిన చేపను చూసినట్టు చూసి, నవ్వు ఆపేసింది. "దీని నోరు సూడండర్రా. నోట్లో పట్టిందల్లా తినేత్తాది. పల్లెమంత అవుతాది. ఈ గాజుపెట్టి సాల్దు."

తొట్టె ఎంతుంటే చేప అంతే పెరుగుతుందని షాపువాడు చెప్పాడట. మావయ్యకి అదే వేదం. రోజుకి రెండు చొప్పున గప్పీలు మాయమవుతుంటే పక్కింటి పిల్లిని అందరం కలిసి తిట్టాం. చివరి గప్పీ తోక నూకరాజు నోట్లోంచి వేలాడుతూ కనిపించాకగానీ పిల్లికి విముక్తి దొరకలేదు.

ఆ తర్వాత ఇంట్లో మంచి రొయ్యలన్నీ వాడికే. నా చేతిలోంచి లాక్కుని తినేవాడు. ఏడాది తిరిగేసరికి నిజంగానే పళ్ళెమంతయ్యాడు. వెనక్కి తిరగాలంటే ముక్కు ఒక అద్దానికి, తోక ఇంకో అద్దానికి తగిలేది. ముక్కు గీరుకుపోయింది. ఒకరోజు రొయ్య ముట్టలేదు. నేనూ అన్నం ముట్టలేదు. చచ్చిపోతాడని వెక్కివెక్కి ఏడ్చాను.

నా ఏడుపు చూడలేక నాన్న తనకు తెలిసిన వైద్యం చేశాడు. చేప నీరసపడితే దానికి సముద్రమే మందు అనుకునే మనిషి. నడిసముద్రం నుంచి తేటనీళ్ళు క్యానుతో తెచ్చి తొట్టెలో పోశాడు. చూస్తుండగానే నూకరాజు పక్కకి ఒరిగిపోయాడు.

అప్పుడే బజారు నుంచి వచ్చిన మామ్మ నీళ్ళలో వేలు ముంచి నాలుకకి రాసుకుంది. "ఓలమ్మా! ఇన్నాల్లూ కుళాయి నీలల్లో బతికినోడికి ఉప్పెలా పడతాదిరా?" అంటూ తన ఐసుపెట్టెలో మిగిలిన చేపలు తట్టలో కుమ్మరించి, పెట్టె కడిగి, డ్రమ్ములో నిలవున్న మంచినీళ్ళు నింపి, నూకరాజును రెండు చేతులా ఎత్తి అందులో వదిలింది. అందరం పెట్టె చుట్టూ చేరాం. కాసేపటికి వాడు నిటారయ్యాడు. మెల్లగా తోక ఆడించాడు. ఎక్కడా తగలకుండా ఒక చుట్టు తిరిగాడు, మళ్ళీ ఇంకోటి. వీధంతా వినపడేలా కేకలేశాం. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నాన్నే.

ఆ పెట్టెలో వాడు అయిదేళ్ళు రాజ్యమేలాడు. తోడుకని మావయ్య ఇంకో రెండు చిన్న చేపలు తెస్తే మామ్మ గుమ్మంలోంచే వెనక్కి పంపింది. పైనుంచి తొంగిచూసిన ప్రతివాడి మొహానా నూకరాజు నీళ్ళు చిమ్మేవాడు. అది మా ఇంటి మర్యాద.

ఇప్పుడు ఆ వీధిలో అపార్టుమెంట్లు లేచాయి. మామ్మ లేదు. పెట్టె నూకరాజుకి ఇచ్చేశాక ఆవిడ చేపలు తట్టలోనే అమ్మింది. తట్టలో ఐసు నిలవదు కాబట్టి ఎండ ముదరకముందే సరుకు అయినకాడికి వదిలించుకుని వచ్చేసేది. మామ్మ తొందరగా ఇంటికొస్తోందని నేను గంతులేసేదాన్ని. ఆవిడ ఏం వదులుకుందో తెలిసే వయసు కాదు నాది. తెలిశాక ఆ మాట ఆవిడతో చెప్పుకుందామంటే ఆవిడ లేదు. ఆ రోజుల్లో ఒక్కసారి మాత్రం, పెట్టె లేకపోతే ఎలా మామ్మా అనడిగాను.

"సచ్చిన సేపకి తిరిగే పనేటుందే? తట్ట సాల్దా?" అంది, నూకరాజుకి రొయ్య వేస్తూ.

అలా లెక్కవేసే మనుషులు మా వీధిలో ఇప్పుడెవరూ లేరు.