వేడికి నిలిచిన పూత

బందరులో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూనే పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. నా పరిశోధన పూతల మీద. కార్బైడ్ అనే అతి గట్టి పదార్థం పొడిని మంటలోంచి మహా వేగంగా చిమ్మితే ఉక్కు మీద గట్టి పొరలా అతుక్కుంటుంది. బాగా వేడెక్కినప్పుడు ఆ పొర ఎంత అరుగుతుందో తేల్చాలి. మా ల్యాబులో అరుగుదల కొలిచే యంత్రానికి వేడి చేసే ఏర్పాటు లేదు. అందుకే గుడివాడలో ఉప్పుడు బియ్యం మిల్లు నడిపే దూరపు బంధువు దగ్గరికి వెళ్లాను. ఆయన్ని బాబాయిగారూ అని పిలుస్తాను.

అక్కడి బాయిలర్ ఊకతో మండుతుంది. ఊక బూడిద వేడిగాలిలో కలిసి ఎదురొచ్చిన ఇనుమునల్లా గరుకు కాగితంలా గీకేస్తుంది. ఆ దెబ్బ నీటి గొట్టాలకు తగలకుండా వాటి ముందు ఉక్కు పలకలు బిగిస్తారు. అంతకు ముందు ఏడు ఒక పలకకు చిల్లు పడి, వెనకున్న గొట్టం పగిలింది. ఎగజిమ్మిన ఆవిరికి ఆపరేటర్ చెయ్యి మోచేతిదాకా కాలింది.

"ఇది పూస్తే ఇంక పగలదాండీ మేడం?" అని అడిగాడు ఆ ఆపరేటర్.

"ఇప్పుడే చెప్పలేనండీ. చూడాలి."

రెండు పలకలు బిగించాం. ఒకదాని మీద టంగ్‌స్టన్ కార్బైడ్, రెండోదాని మీద క్రోమియం కార్బైడ్. నా ఆశంతా మొదటిదాని మీదే. ల్యాబులో అది అరిగినట్టే కనపడలేదు. థీసిస్‌లో పెద్ద అధ్యాయం దాని గురించే రాసుకున్నాను.

సీజన్‌లో మిల్లు ఆపరు, ఆపితేగానీ పలకలు ఊడదీయలేం. క్లాసులయ్యాక బస్సెక్కి వెళ్లడం, "ఇంకా ఆపలేదమ్మా" అనిపించుకుని తిరిగి రావడం. ఇంటికి చేరేసరికి కాళ్లు పీకేవి.

చివరికి బాయిలర్ చల్లార్చి పలకలు ఊడదీశారు. మొదటిదాని మీద పచ్చటి పొడి తేలింది. వేలు తగలగానే రాలిపోయింది. ఆ వేడికి కార్బైడ్ గాలితో కలిసి పొడైపోయింది. కింద ఉక్కు గుంటలు పడింది. రెండోది నల్లబడింది, కాస్త పలచబడింది, కానీ పొర ఉంది.

ఊక బస్తా మీద కూలబడ్డాను.

"ఒకటి నిలిచిందిగా, ఎందుకమ్మా దిగులు?" అన్నారు బాబాయిగారు. "అన్ని పలకలకీ అదే పూయించేద్దాం."

"పూయించండి. కానీ సీజన్ మధ్యలో ఆపి చూడాలి బాబాయిగారూ. ఎన్నాళ్లుంటుందో నాకూ తెలీదు."

"మధ్యలో ఆపితే ఎట్టాగమ్మా?"

"ఆపకపోతే ఈయన ఏ ధైర్యంతో బాయిలర్ ముందు నిలబడతారు?" అంటూ ఆపరేటర్‌ని చూపించాను.

బాబాయిగారు ఆ కాలిన చేతి వైపు చూశారు. "సరే, ఆపుదాంలే," అన్నారు.

అధ్యాయమంతా కొట్టేసి మళ్లీ రాశాను. తర్వాతి సీజన్‌లో మాటిచ్చినట్టే ఆపారు. పొర పోయిన పలకలు మార్చాం. ఆ ఏడు గొట్టమేదీ పగల్లేదు. కొన్నాళ్లకు డాక్టరేట్ వచ్చినట్టు ఫోనొచ్చింది. కాలేజీలో అందరూ స్వీట్లు అడిగారు. రేపు తెస్తానని చెప్పి, ఇంటికెళ్లి ఇన్నాళ్ల అలసటా తీరేలా పడుకున్నాను.