పట్టాభిరామయ్యగారి లైన్ క్లియర్

పట్టాభిరామయ్యగారు అడవిలోకి ఊరికే నడిచి వెళ్ళరు. ముందు రాస్తారు. రాశాక కూడా వెంటనే కదలరు. రాసింది ఒకసారి పైకి చదివి వినిపిస్తారు.

మేముండే డునెడిన్ ఊరి నుంచి దక్షిణంగా గంటన్నర కారులో వెళ్తే ఆ కాలిబాట మొదలవుతుంది. మొదట రీము అనే ఎత్తయిన చెట్ల అడవి. తర్వాత చిత్తడి బయలు. మళ్ళీ అడవి, మళ్ళీ బయల్దేరిన చోటికే. బాట మొదట్లో ఒక గుంజకి చెక్కపెట్టె బిగించి ఉంటుంది. అందులో ఒక పుస్తకం, దారం కట్టిన పెన్సిలు. వెళ్ళేటప్పుడు పేరు, వేళ రాయాలి. వచ్చాక వచ్చిన వేళ రాయాలి. రానివాళ్ళని వెతకడానికి ఈ ఏర్పాటు. జనం అర నిమిషంలో రాసేస్తారు. టామ్, ఇద్దరు, పది గంటలు. అంతే.

పట్టాభిరామయ్యగారికి ఒక పేజీ పడుతుంది.

ఆయన ఇక్కడ బడి బస్సు నడుపుతారు. అంతకుముందు సామర్లకోట వైపు ఒక చిన్న రైల్వే స్టేషన్‌లో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరు. భార్య సీతారత్నంగారికి డునెడిన్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే ఆవిడ వెంట వచ్చారు. అదే ఆసుపత్రి ల్యాబ్‌లో నా పని. ఫ్లాట్‌లో ఒక్కణ్ణే ఉంటాను. ఆదివారాలు నన్ను కూడా కారెక్కించుకునేవారు.

మొదటి ఆదివారం నా గురించి రాసింది ఇప్పటికీ గుర్తుంది.

"జశ్వంత్. వయసు ముప్పై రెండు. ఐదడుగుల ఏడంగుళాలు. ఎర్ర రెయిన్‌కోటు. తన దారి తనకి తెలుసనుకుంటాడు."

"అంకుల్, ఆ చివరి ముక్క ఎందుకు?"

"వెతికేవాడికి పనికొస్తుంది."

తర్వాత సామాను. వంకీ గొడుగు ఒకటి. రైల్వే విజిల్ ఒకటి. పెసరట్లు పదకొండు. అల్లప్పచ్చడి, మూత వదులు.

"పెసరట్లు కూడానా అండీ?" అంది సీతారత్నం ఆంటీ.

"ఎన్ని రోజులు బతకగలమో వాళ్ళు లెక్క వేసుకోవద్దూ?"

"మీరుంటే మధ్యాహ్నం దాకా."

ఇదంతా ఇంగ్లీషులో రాసి, కింద మళ్ళీ తెలుగులో రాసేవారు. ఎందుకని అడిగితే, "వెతకడానికి వచ్చినవాడు తెలుగువాడైతే?" అన్నారు. ఆ అడవిలో తెలుగువాళ్ళం మేము ముగ్గురమే. ఆ మాట చెప్తే, "అదే కదా భయం," అన్నారు.

నేను వాళ్ళతో రాకముందు ఒకసారి, ఆ అడవిని చూసుకునే రేంజరు పుస్తకంలో చీటీ పెట్టిందట. దయచేసి గడుల్లోనే రాయండి అని. ఈయన దాని కిందే రాశారు: "గడులు చిన్నవి. పరిశీలించగలరు." నెల తిరక్కుండా పెద్ద గడుల పుస్తకం వచ్చింది. ఆ వారం ఆయన నడకే మారిపోయిందట.

తిరిగొచ్చాక అందరూ వచ్చిన వేళ రాస్తారు. ఆయన దాని పక్కన తెలుగులో 'లైన్ క్లియర్' అని కూడా రాస్తారు. బండి అవతలి స్టేషన్‌కి చేరిందని కబురొచ్చేదాకా లైన్ ఖాళీ అయినట్టు కాదట. కబురొచ్చేదాకా మాస్టరు కుర్చీ వదలకూడదట.

అక్కడే నాకు చిక్కొచ్చింది. మా నడక అయిపోయినా ఆయన కదిలేవారు కాదు. కారు డిక్కీ ఎత్తి, ఫ్లాస్కు తీసి, టీ తాగుతూ కూర్చునేవారు. ఒక గంట. ఒక్కోసారి రెండు. పుస్తకంలో ఏ వరసలోనైనా వచ్చిన వేళ ఖాళీగా ఉంటే చాలు, ఇంకో కప్పు.

ఒక ఆదివారం ల్యాబ్‌వాళ్ళ ఇంట్లో బార్బెక్యూ విందు ఉంది. చేరి ఏడాదైనా నన్ను పిలవడం అదే మొదటిసారి. ఒక జర్మన్ జంట వరస ఖాళీగా ఉంది. గంటన్నర చూశాం. చివరికి ఆయన లేచి, పక్కనే ఆగి ఉన్న వ్యాన్ తలుపు తట్టారు. లోపలి నుంచి జుట్టు రేగిన మనిషి తొంగిచూశాడు.

"మీరు వచ్చేశారా?"

"పొద్దున్నే వచ్చేశాం. పడుకున్నాం."

"అయితే రాయండి."

దుప్పటి కప్పుకునే వచ్చి రాశాడు. అప్పటికి అక్కడ బార్బెక్యూ అయిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

"మీ స్టేషన్ ఎప్పుడో వదిలేశారు అంకుల్. ఇక్కడ ఏ బండీ మీది కాదు."

ఆయన ఫ్లాస్కు మూత బిగించారు. బిగిసిన మూతని ఇంకోసారి బిగించారు.

తర్వాత మూడు ఆదివారాలు నేను వెళ్ళలేదు. మూడుసార్లూ సాయంత్రం ఆంటీ ఫోన్ చేసింది. వెనక అడవి గాలి హోరు వినపడింది.

"ఏం కూర వండుకున్నావు నాయనా?"

చెప్పాను. అంతే, పెట్టేసింది.

నాలుగో ఆదివారం పొద్దున నా కారులో ఒక్కణ్ణే వెళ్ళాను. పెట్టె ముందు ఒక్క క్షణం ఆగాను. మూత కూడా తియ్యలేదు.

అడవి నిశ్శబ్దంగా ఉంది. రీము చెట్ల పైకొసలు కనపడవు. మెడ ఎంత వెనక్కి వంచినా ఇంకా చెట్టే ఉంటుంది. ఎక్కడో ఒక బెల్‌బర్డ్ పిట్ట మూడు స్వరాలు పలికి ఆగింది. నాలుగోది నాకు వదిలేసినట్టు.

తర్వాత చెట్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఎదురుగా బయలు. మోకాలెత్తు ఎర్రగడ్డి, నల్లనీళ్ళ మడుగులు, ఆకాశం. గాలి వీస్తే నేలంతా ఒకేసారి పక్కకి ఒత్తిగిలింది. ఆ గడ్డి కింద వేల ఏళ్ళ నాచు, పొర మీద పొర, కుళ్ళకుండా నిలిచి ఉందట. ఏ మనిషీ పుట్టకముందు రాలిన ఆకు అందులో ఇంకా ఆకులాగే ఉందేమో. విసుగు కూడా మర్చిపోయాను. చూస్తూ నడిచాను.

పొగమంచు వస్తున్నట్టు తెలియలేదు. వచ్చాక తెలిసింది. దారి చూపే నారింజ రంగు ముక్కోణపు గుర్తులు ఒక్కటీ కనపడలేదు. గుర్తు అనుకుని ఒక పువ్వు వైపు నడిచాను. ఎడమకాలు తొడ దాకా దిగిపోయింది. లాగితే మడమ దగ్గర ఏదో కలుక్కుమంది. కాలు రాలేదు.

కార్లు ఆపేచోట దొరికే సిగ్నల్ ఇక్కడ ఫోన్‌లో లేదు. ఒంటిగంట దాటింది. నా డ్యూటీ మళ్ళీ మంగళవారం. అప్పటిదాకా నన్ను వెతికేవాళ్ళు లేరు. నా పేరు ఏ పుస్తకంలోనూ లేదు. కేకలు వేశాను. మంచు ఆ కేకల్ని మింగి ఊరుకుంది. చలి నడుము దాకా ఎక్కింది. ఆ నాచులో ఆకు పక్కన నేను కూడా కుళ్ళకుండా ఉంటాను కాబోలు అనుకున్నాను. నవ్వు రాలేదు.

రెండు గంటలు గడిచాయి. అప్పుడు వినపడింది. ఒక పొడుగాటి విజిల్. ఆగి, మళ్ళీ ఒకటి.

అరిచాను. మంచులోంచి ముందు గొడుగు వచ్చింది. వెనక పట్టాభిరామయ్యగారు. గడ్డి మీద బోర్లా పడుకుని గొడుగు వంకీ నా చేతికి అందించారు.

"ఎడమకాలా, కుడికాలా?"

"ఎడమ."

"రాయాలి," అన్నారు. లాగారు. మూడో ఊపుకి కాలు వచ్చింది. బూటు రాలేదు. అది వేల ఏళ్ళ కోసం అక్కడే ఉండిపోయింది.

ఆయన భుజం మీద చెయ్యి వేసి కుంటుతూ నడిచాను. చాలాసేపటికి అడిగాను. "ఎలా తెలిసింది అంకుల్?"

"నీ కారుంది. పుస్తకంలో నువ్వు లేవు."

పెట్టె దగ్గర ఆంటీ నించుని ఉంది. నా ఒంటి కాలి మేజోడు చూసింది. "ఇవాళ ఏం కూర నాయనా?" అంది. చెక్కబెంచీ మీద నన్ను కూలేసి మడమకి కట్టు కట్టింది. నేను పుస్తకం తెరిచాను. ఆయన చేతిరాతే.

"జశ్వంత్. ఐదడుగుల ఏడంగుళాలు. ఎర్ర రెయిన్‌కోటు. అలిగి వెళ్ళాడు. పేరు రాయలేదు. రాయకపోయినా వెళ్ళినట్టే. అలిగినవాడు పక్కకి చూడడు, కాబట్టి బయల్లో మూడో మలుపు దగ్గర గుర్తు తప్పుతాడు. మధ్యాహ్నం రెండుకి నేను వెళ్తున్నాను. నాలుగున్నరకి ఇద్దరం రాకపోతే సీతారత్నం పోలీసులకి ఫోన్ చేస్తుంది. ముందు తిడుతుంది, కంగారు పడకండి."

పేజీలు వెనక్కి తిప్పాను. అన్ని వారాల్లోనూ పేర్లు రాయనివాళ్ళ వరసలు ఆయన చేతిరాతలో ఉన్నాయి. "పచ్చ టోపీ, ఒంటరి ఆడమనిషి. నాలుగూ ఇరవైకి వచ్చింది. లైన్ క్లియర్." "ముసలాయన, కుక్క. కుక్క ముందు వచ్చింది. ఆయన తర్వాత. లైన్ క్లియర్."

నేను వెళ్ళని మూడు ఆదివారాలూ చూశాను.

"జశ్వంత్. ఇంట్లోనే. బెండకాయ వేపుడు. లైన్ క్లియర్."

"జశ్వంత్. ఇంట్లోనే. గుడ్డు పొరటు. లైన్ క్లియర్."

"జశ్వంత్. ఇంట్లోనే. ఏమీ వండలేదట. లైన్ క్లియర్, కానీ గమనించాలి."

పెన్సిలు తీసుకుని వచ్చిన వేళ రాశాను. తర్వాత మొదటి ఆదివారం పేజీ వెతికి, 'తన దారి తనకి తెలుసనుకుంటాడు' అన్న వాక్యం కొట్టేయబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"రిజిస్టర్‌లో కొట్టివేతలు పనికిరావు. పక్కన రాసి సంతకం పెట్టు."

'తెలియదు' అని రాసి సంతకం పెట్టాను. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివారు. లైన్ క్లియర్ రాశారు.

"ఇంక పదండి, ఎక్స్‌రే తియ్యాలి," అంది ఆంటీ.

నేను పుస్తకం వైపు చూశాను. ఆ రోజు పేజీలో ఒక వరస ఇంకా ఖాళీగా ఉంది. పసుపు కోటు, పేరు తెలియదు.

"ఒక్క పది నిమిషాలు ఆంటీ," అన్నాను. "అంకుల్, ఫ్లాస్కులో టీ ఉందా?"