తొమ్మిది ఎర్రవి, ఒక తాలు

నా చిన్నప్పుడు నన్ను చూసి ఎవరెవరు ఎందుకు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. అరవై దాటినా ఆ జాబితాలో ఒక్కరినీ క్షమించి కొట్టెయ్యలేదు. చాలాకాలం అందరికంటే పైన ఉన్నది మా ఇంటర్మీడియెట్ లెక్కల సారు.

మార్టూరుకు దగ్గర పల్లె మాది. ఇంటిల్లిపాదీ మిరప పనికి పోయేవాళ్ళే. మా వీధిలో కాలేజీకి వెళ్ళిన మొదటి ఆడపిల్లను నేను. ఒకరోజు సారు నన్ను లేపి, రూపాయి బిళ్ళ ఐదుసార్లు ఎగరేస్తే ఐదుసార్లూ బొమ్మే పడింది, ఆరోసారి ఏం పడుతుందని అడిగారు. బొరుసే పడాలన్నాను. అన్నిసార్లు బొమ్మ పడ్డాక ఇక రెండోదాని వంతు రావాలి కదా అని నా ఉద్దేశం.

"బిళ్ళకి నీ మీద జాలేస్తుందేమోనమ్మా!" అన్నారాయన. క్లాసు గొల్లుమంది. సాయంత్రానికల్లా నా పేరు బొరుసమ్మ అయింది.

అంతటితో ఆగలేదు. సగంలో సగం, అందులో మళ్ళీ సగం తీసుకుంటూ పోతే సున్నాకి దగ్గరవుతుందని ఆయన చెబితే, ఎన్నోసారికి సున్నా అవుతుందండీ అని అడిగాను. ఆయన సుద్దముక్క బల్ల మీద పడేసి, సోమవారం పరీక్ష తప్పితే లెక్కల గ్రూపులోంచి తీసేస్తానన్నారు.

శనివారం కల్లంలో మా మేనత్త పక్కన కూర్చున్నాను. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఎండిన కాయల రాశిలోంచి తెల్లబారిన తాలు కాయలు ఏరే ఆడవాళ్ళకి ఆవిడే పెద్ద.

"ఏమే, ముఖం అట్టా పెట్టావేంది?"

"నీకు చెప్పినా అర్థం కాదులే అత్తా."

చుట్టూ ఉన్నవాళ్ళు చేతులాపి నన్ను చూశారు. అత్త మాత్రం, "చెప్పి చూడు. అర్థం కాకపోతే నేనూ నీ పక్కన కూర్చోని ఏడుస్తా" అంది. అందరూ నవ్వారు. చెప్పాను.

ఆవిడ ఖాళీ గోతంలో తొమ్మిది ఎర్ర కాయలూ ఒక తాలూ వేసి, చూడకుండా ఒకటి తియ్యమంది. తీసింది చూసి మళ్ళీ లోపలే వేసి కలపమంది. అలా ఐదుసార్లు తీస్తే ఐదుసార్లూ ఎర్రదే వచ్చింది. ఇప్పుడు తాలే వస్తుందన్నాను, ఉక్రోషంగా. మళ్ళీ ఎర్రదే.

"ఎందుకొస్తదే? గోతంలో ఇప్పుడేమున్నయ్?"

"తొమ్మిది ఎర్రవి, ఒక తాలు."

"ఇందాక?"

"అవే."

"మరింకేంది! తీసిన కాయ పక్కన పెడితే లెక్క మారుద్ది. మళ్ళీ లోపలేస్తే, ఇందాక నువ్వేం తీశావో గోతానికేం గుర్తుంటదే?"

తర్వాత రాశి చూపించింది. ఒక దఫా ఏరితే ఉన్న తాలులో సగం పోతుంది. మళ్ళీ ఏరితే మిగిలినదాంట్లో సగం. "అసలు లేదని ఒట్టేసి చెప్పమంటే ఎప్పటికీ చెప్పలేను. కానీ గుప్పెడుకి ఒక్కటి కూడా రాగూడదు అని బేరగాడంటే, ఎన్ని దఫాలు ఏరాలో చెప్తా. వాడింకా గట్టిగా అడిగాడనుకో, ఇంకో దఫా ఏరతాం."

అప్పుడు తెలిసింది నాకు. సున్నా ఎన్నోసారికి అవుతుందన్నది అసలు ప్రశ్నే కాదు. ఎంత దగ్గరికి రమ్మంటే అంత దగ్గరికి వెళ్ళగలమా అన్నదే ప్రశ్న. మిరపఘాటుకి కళ్ళు కారుతున్నాయో, ఏడుస్తున్నానో ఎవరికీ తెలియకుండా మొహం తుడుచుకున్నాను.

సోమవారం పరీక్షలో బిళ్ళ లెక్కా, సగాల లెక్కా రెండూ రాశాను. కాగితాలిచ్చేరోజు సారు నన్ను మళ్ళీ నిలబెట్టారు. "ఇంత విడమరిచి ఎవరు చెప్పారు నీకు?" క్లాసంతా నా వైపు తిరిగింది. అత్త పేరు నాలుక చివరిదాకా వచ్చింది. తాలు ఏరే మనిషి చెప్పిందంటే వీళ్ళు ఇంకెంత నవ్వుతారో అనిపించింది.

"గుంటూరులో మా బంధువండీ. ఇంజినీరు."

"అదీ సంగతి" అన్నారు సారు. నేను పాసయ్యాను.

ఇంటికి వచ్చేసరికి అత్త వాకిట్లోనే ఉంది. "చెప్పావటే మీ సారుకి, మన కాయల లెక్క?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"బాగుందన్నారు."

ఆవిడ ఎర్రబారిన వేళ్ళను కొంగుతో తుడుచుకుంటూ లోపలికి నడిచింది. మర్నాడు కల్లంలో కనబడినవాళ్ళందరికీ, "మన తాలు లెక్క కాలేజీకెక్కిందమ్మాయ్!" అని చెప్పుకుంది. ఆ ఏడాది ఆఖరి రాశి దాకా చెబుతూనే ఉంది. ప్రతిసారీ నేను తల వంచుకుని కాయలు ఏరాను. సిగ్గుపడుతున్నాననుకున్నారు వాళ్ళు. నిజమే, సిగ్గే. ఎందుకో మాత్రం వాళ్ళకి తెలియదు.

తర్వాత నేనూ లెక్కల టీచరునయ్యాను. ఏటా ఆ పాఠం వచ్చినప్పుడు గోతం పట్టుకెళ్ళి, తొమ్మిది ఎర్రవీ ఒక తాలూ వేసి, ఇది మా మేనత్త నేర్పిందని పిల్లలకి పేరుతో సహా చెప్పాను. వందలమందికి ఆవిడ పేరు చెప్పినా, ఆ రోజు సారుకి చెప్పలేదన్న నిజాన్ని మాత్రం ఆవిడ పోయేదాకా ఆవిడకి చెప్పలేకపోయాను.

సారు మీద కోపం అలాగే ఉంది. తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు. కానీ ఆయన నవ్వింది ఏమీ తెలియని పిల్లను చూసి. నేను దాచింది నాకు అన్నీ చెప్పిన మనిషిని. అందుకే ఆ జాబితాలో ఆయన ఇప్పుడు రెండోవాడు. పైన ఉన్నది నేనే.