ఫిట్ అనిపించుకున్న బాపు

మా బాపుకు పరీక్ష గట్టెక్కడం తెలుసు. ఒంట్లో బాగాలేదని చెప్పడం మాత్రం తెలియదు.

బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు పనిచేసి ఆరేళ్ల కింద రిటైరయ్యాడు. ఈ మధ్య నాలుగడుగులు గబగబా వేస్తే ఎగపోస్తున్నాడు. లోపం గుండెదో ఊపిరితిత్తులదో తేలాలంటే ముందు నడిపించి చూడాలన్నాడు కరీంనగర్ డాక్టరు. నడిచేటప్పుడు కాళ్లకు ప్రాణవాయువు ఎక్కువ కావాలి. అందుకే ఊపిరి వేగం పెరుగుతుంది, గుండె జోరుగా కొట్టుకుంటుంది. అది ఎంత పెరిగింది, ఎంతసేపటికి దిగింది అన్నదే పరీక్ష. పరీక్ష రోజు బస్సులో దారి పొడుగునా ఇదే చెప్పాను. బాపు తలూపాడు. నమ్మడం నా బుద్ధి తక్కువ.

చీటీ రాయించుకుని వచ్చేసరికి మనిషి లేడు. వెతికితే ఆస్పత్రి వెనక నీడలో కళ్లు మూసుకుని, మెల్లగా ఊపిరి వదులుతూ కూర్చున్నాడు! బాయిలో మెడికల్ పరీక్ష ఉన్న రోజు బాపూ, ఆయన జతగాళ్లూ చేసిన పనే ఇది. చాయ్, బీడీ ముట్టకుండా, నాడి దిగేదాకా కదలకుండా కూర్చునేవాళ్లు. అన్‌ఫిట్ అని రాస్తే బాయిలోకి దింపరని భయం.

"రిటైరైనవు గద బాపూ! ఇప్పుడు నిన్ను పనిలకెల్లి తీసెటోడెవడు?"

"జర ఆగు బిడ్డా, దిగుతుంది."

ఆరు నిమిషాలు వేగంగా నడవమంటే వరండాలో షికారు చేశాడు. రెండుసార్లు ఆగి చెప్పులు సవరించుకున్నాడు. "ఆయాసం ఉందా పెద్దయ్యా?" అని పరీక్ష చేసే అమ్మాయి అడిగితే, "ఏం లేదమ్మా, మంచిగున్న" అన్నాడు. నేను నోరు తెరిస్తే నన్నే కసిరాడు. ఆమె ఇబ్బందేమీ లేదని రాసిచ్చింది. నాకు తల బాదుకోవాలనిపించింది.

ఆ కాగితం పై అంతస్తులో డాక్టరుకు చూపించాలి. లిఫ్టు పనిచేయడం లేదు. బాపు ఫిట్ అయిన హుషారులో నాకంటే ముందు మెట్లెక్కాడు. సగం దూరంలో రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయాడు. పెదవులు నల్లబడ్డాయి. మాట రావడం లేదు. నా కోపమంతా పోయింది. మెట్టు మీద కూర్చోబెట్టాను.

"దమ్మత్తుంది బిడ్డా," అన్నాడు ఎగపోస్తూనే. "పైన సార్‌కు జెప్పకు."

మళ్లీ కళ్లు మూసుకుని ఊపిరి సర్దుకుంటున్నాడు. ఆ ఆయాసం దిగేలోపే డాక్టరును పట్టుకొద్దామని మిగతా మెట్లు పరుగెత్తాను.